గనుల సొమ్ము ఎక్కడ జారిపోతోందో కాగితాల్లో పట్టుకోవడం: ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ వాళ్లకు

ఖనిజాలున్న దేశాల్లో పెద్దల చేతికి డబ్బు చేరే దారులు మూడో నాలుగో, అంతకన్నా ఉండవు. లైసెన్సు తనవాళ్లకే ఇచ్చుకోవడం ఒకటి. నైజీరియాలో 1998లో చమురు మంత్రి డాన్ ఎటెటె ఓపీఎల్ 245 అనే సముద్రపు బ్లాకును తన చేతిలోనే ఉన్న మలాబు కంపెనీకి కట్టబెట్టాడు. 2011లో షెల్, ఎని కంపెనీలు ఆ బ్లాకు కోసం 130 కోట్ల డాలర్లు చెల్లిస్తే 110 కోట్ల దాకా మలాబు వైపే మళ్లాయి. ప్రభుత్వ సంస్థను ఇంటి ఆస్తి చేసుకోవడం రెండో దారి. అంగోలా అధ్యక్షుడు 2016లో చమురు సంస్థ సొనంగోల్‌ను కూతురు ఇసబెల్ దొస్ శాంతొస్ చేతిలో పెట్టాడు. ఆయన దిగిపోయాక కొత్త అధ్యక్షుడు 2017 నవంబరులో ఆమెను తప్పించాడు. పదవిని వాడుకుని వనరుల సొమ్మును పరాయి దేశంలో ఆస్తులుగా మార్చుకోవడం మూడోది. ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడి కొడుకు, ఒకప్పటి అడవుల మంత్రి టియోడొరిన్‌కు పారిస్‌లో మేడ ఎలా వచ్చిందో ఫ్రాన్స్ కోర్టు తవ్వి తీసి 2017లో శిక్ష వేసింది. 2021లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది.

నైజీరియా కేసులో మాత్రం మిలాన్ కోర్టు 2021లో కంపెనీలను, నిందితులను నిర్దోషులని వదిలేసింది. లంచం నిరూపించడం అంత కష్టం. అందుకని ఇక్కడ చెప్పేది లంచం నిరూపించే పని కాదు. రెండు లెక్కల మధ్య తేడా బయటపెట్టే పని. అది జిల్లాలో కూర్చుని, కోర్టు ఫీజు స్టాంపుల ఖర్చుతో చెయ్యొచ్చు.

దీనికి సూత్రం ఒకటే: ఒకే చెయ్యి రాసిన రెండు కాగితాలను పోల్చకండి. గని యజమాని గనుల శాఖకు ఇచ్చిన లెక్కా, గనుల శాఖ అసెంబ్లీకి ఇచ్చిన లెక్కా ఎప్పుడూ కలుస్తాయి. రెండోది మొదటిదాని నకలే కదా. వేర్వేరు అవసరాల కోసం వేర్వేరు మనుషులు రాసినవి పక్కపక్కన పెట్టండి. రాయల్టీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ము) కట్టేటప్పుడు టన్నులు తగ్గించి చూపాలనిపిస్తుంది, వాటాదారులకు చెప్పేటప్పుడు పెంచి చూపాలనిపిస్తుంది. ఆ రెండు కోరికల మధ్యే సందు దొరుకుతుంది.

ముందు ఏ కొండ ఎవరిదో

పంచపట్‌మాలి నాల్కోది, కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడి బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) 14 కిలోమీటర్లకు పైగా బెల్టు మీదే దమన్‌జోడి ఫ్యాక్టరీకి దిగుతుంది. కాశీపూర్ వైపు బాఫ్లిమాలి ఉత్కల్ అల్యూమినా కంపెనీది, అక్కడా బెల్టే. కొడింగమాలి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓఎంసీ (ఒడిశా మైనింగ్ కార్పొరేషన్)ది, 2018లో తవ్వకం మొదలైంది, అక్కడ లారీలు నడుస్తాయి. నియమగిరి తవ్వకానికి 2013లో 12 పల్లెలు వద్దన్నాయి. ఈ తేడా ఎందుకంటే, లారీ ఉన్న చోట కాటా చీటీ, ట్రాన్సిట్ (రవాణా) పాసు దొరుకుతాయి. బెల్టు ఉన్న చోట లారీలు లెక్కపెడుతూ రోడ్డు పక్కన కూర్చున్నా దండగే. అక్కడ తూకం బెల్టు కింది తూనిక యంత్రంలో ఉంటుంది. దాన్ని ఎప్పుడు సరిచూశారు, ఆ రోజు గనుల శాఖ మనిషి ఉన్నాడా అన్నదే అడగాలి.

ప్రభుత్వ సంస్థ పేరు మీద లీజు ఉంది కాబట్టి సొమ్ము భద్రం అనుకోవద్దు. లీజు సంస్థది, తవ్వే పని కాంట్రాక్టరుది అయితే టన్నుకు ఇంత అని కాంట్రాక్టరుకు ఇచ్చే రేటులోనే లాభమంతా కూర్చుంటుంది. టెండరుకు ఎందరు వచ్చారు, ఎందరిని సాంకేతిక దశలోనే తీసేశారు, పక్క గనిలో రేటెంత, ఈ మూడూ చూడాలి.

టన్నులు

పంచపట్‌మాలి, బాఫ్లిమాలి లాంటి చోట్ల గనికీ ఫ్యాక్టరీకీ యజమాని ఒకరే. అయినా లెక్క పట్టుకోవచ్చు. తూర్పు కనుమల బాక్సైట్‌తో ఒక టన్ను అల్యూమినా (అల్యూమినియం లోహానికి ముందు దశలో వచ్చే పొడి) తియ్యడానికి సుమారు 3 టన్నుల రాయి పడుతుంది. కంపెనీ వార్షిక నివేదికలో అల్యూమినా ఎన్ని టన్నులు తీశామని రాస్తారు, అది వాటాదారుల కోసం. దాన్ని 3తో గుణించి రాయల్టీ కట్టిన టన్నులతో పోల్చండి. నాలుగైదు శాతం తేడా వస్తే వదిలెయ్యండి. తేమ, నిల్వలు, ఆ ఏడు వచ్చిన రాయి నాణ్యత వల్ల అంత మామూలే. ఏప్రిల్ 1న, మార్చి 31న నిల్వ ఎంతో తెలుసుకుని సవరించాక కూడా 10 శాతం దాటితే అప్పుడు రాతపూర్వకంగా అడగండి.

మూడో చెయ్యి కాలుష్య నియంత్రణ మండలిది. నాలుగోది పర్యావరణ అనుమతి. ఏడాదికి ఎన్ని టన్నులు తవ్వొచ్చో ఆ అనుమతి పత్రంలో ఉంటుంది. అనుమతి షరతులు పాటిస్తున్నామని కంపెనీ జూన్ 1కి, డిసెంబరు 1కి ఆరు నెలల నివేదిక ఇవ్వాలి. తవ్విన టన్నులు అనుమతిని దాటాయా అన్నది చాలా పదునైన ప్రశ్న. కెందుజర్, సుందర్‌గఢ్ ఇనుము, మాంగనీసు గనుల మీద 2017 ఆగస్టు 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మొత్తం దీని మీదే నిలబడింది. అనుమతికి మించి తవ్విన ఖనిజానికి గనుల చట్టం సెక్షన్ 21(5) కింద పూర్తి ధర, అంటే నూటికి నూరు, వసూలు చెయ్యమంది. లీజు ఉంది, రాయల్టీ కట్టాం అన్న వాదన చెల్లలేదు.

రైలు ఎక్కే సరుకైతే రైల్వే దగ్గర మరో లెక్క ఉంటుంది. రైల్వేకు రాయల్టీతో పని లేదు, కిరాయితోనే పని. కాబట్టి బరువు తగ్గించి రాసుకునే ఆశ దానికి లేదు.

గ్రేడు (రాయి నాణ్యత): దొంగ లారీ కన్నా పెద్ద కన్నం

జనం రాత్రి లారీల మీద కన్నేస్తారు. పగటిపూట, పాసుతో, కాటా వేసి వెళ్లే సరుకులో పోయేది ఎక్కువ.

అల్యూమినా ఫ్యాక్టరీకి వెళ్లే బాక్సైట్ మీద రాయల్టీని టన్ను రాయికి ఇంత అని కట్టరు. రాయిలో ఉన్న అల్యూమినియం లోహానికి లండన్ లోహాల మార్కెట్ ధర ఎంతో అందులో 0.60 శాతం కడతారు. లెక్క ఇలా వేసుకోండి. రాయిలో అల్యూమినా 42 శాతం అనుకుందాం. దాన్ని 0.529తో (అల్యూమినాలో లోహం వాటా అంత) గుణిస్తే లోహం 22.2 శాతం. లోహం టన్ను 2,400 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే టన్ను ధర 2,04,000 రూపాయలు. అందులో 0.60 శాతం 1,224. దానిలో 22.2 శాతం దాదాపు 272 రూపాయలు. టన్ను బాక్సైట్‌కు రాయల్టీ అదన్నమాట. ఇవి లెక్క చూపడానికి అనుకున్న ధరలు. మీరు ఏ నెల లెక్క చూస్తున్నారో ఆ నెలకు ఐబీఎం (కేంద్ర గనుల సంస్థ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) ప్రకటించిన ధర పెట్టుకోవాలి.

ఇప్పుడు అదే రాయిని 42 బదులు 40 శాతం అని రాశారనుకోండి. రాయల్టీ 259కి దిగుతుంది. టన్నుకు 13 రూపాయలే కదా అనిపిస్తుంది. 10 లక్షల టన్నుల మీద అది 1 కోటి 30 లక్షలు. రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి రావాల్సిన పాత లీజు అయితే జిల్లాకు మరో 39 లక్షలు పోయినట్టు. ఒక్క లారీ దారి తప్పలేదు, ఒక్క చీటీ దొంగది కాదు.

అందుకే శాంపిలు ఎవరు తీశారు, ఏ ల్యాబులో పరీక్షించారు అన్నది టన్నుల కన్నా ముందు అడగాలి. గనిలో తీసిన శాంపిలు ఫలితం, ఫ్యాక్టరీ గేటు దగ్గర తమ అవసరానికి తీసుకున్న శాంపిలు ఫలితం రెండూ కావాలి. ఫ్యాక్టరీ వాళ్లు తమను తాము మోసం చేసుకోరు. గ్రేడు తక్కువని నమ్మితే, అల్యూమినా తియ్యడానికి వాడే కాస్టిక్ సోడా లెక్క తప్పుతుంది. ఇంకో రెండు మెలికలున్నాయి. రిపోర్టులో రాసింది మొత్తం అల్యూమినానా, ఫ్యాక్టరీలో తీయగలిగే అల్యూమినానా చూడండి. రెండోది ఎప్పుడూ తక్కువే ఉంటుంది, నిబంధనలో ఉన్నది మాత్రం రాయిలో ఉన్న లోహమంతా. అలాగే గ్రేడు ఎండు రాయికా, తడి రాయికా అన్నది రాసి ఉండాలి. వానాకాలం నెలల్లో తేమ శాతం ఒక్కసారిగా ఎగిసి, చలికాలంలో కూడా అక్కడే ఉండిపోతే ప్రశ్న వెయ్యాల్సిందే.

జిల్లా ఖనిజ నిధి

మన జిల్లాల్లో జనం చేతికి అందే దూరంలో ఉన్నది ఈ డబ్బే. నాయకులకూ అంతే దగ్గర. 2015 జనవరి 12కి ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీలో 30 శాతం, తరువాతదైతే 10 శాతం ఈ నిధికి జమ అవుతుంది. నడిపేది కలెక్టరు. ఎంపీ, ఎమ్మెల్యేలకు మాట చెల్లుతుంది.

2024 జనవరి నిబంధనల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్ల లోపు నేరుగా దెబ్బతిన్న ప్రాంతం, 25 లోపు పరోక్షంగా. కనీసం 70 శాతం డబ్బు నేరుగా దెబ్బతిన్న చోటే ఖర్చు పెట్టాలి. నీళ్లు, వైద్యం, చదువు లాంటి ముఖ్య రంగాలకు కనీసం 70 శాతం పోవాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో వార్షిక నివేదిక రావాలి. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చూసేవే. పనుల జాబితా దించుకుని, ప్రతి ఊరికీ లీజు సరిహద్దు నుంచి ఫోనులోని మ్యాపులో గీత లాగి దూరం కొలవండి. గీత సూటిగా ఉండాలి, రోడ్డు దూరం కాదు. ఘాట్ రోడ్డులో 30 కిలోమీటర్లు పడే ఊరు సూటిగా 11 ఉండొచ్చు. పొరపాటున రోడ్డు దూరం రాస్తే మీ ఫిర్యాదు అక్కడితో సరి.

జిల్లా కేంద్రంలో హాలు, పార్కు, వీధి దీపాలు, కార్యాలయానికి మరమ్మతులు: ఇవి కనిపిస్తే ఆ నిధి ఎవరి కోసం పుట్టిందో మరిచిపోయారన్నమాట. రెండో గుర్తు, ఒకే రోడ్డును నాలుగు ముక్కలు చేసి నాలుగు పనులుగా మంజూరు చెయ్యడం. ఒక్కో ముక్క టెండరు పరిమితికి కాస్త కింద ఉంటుంది. మంజూరు తేదీ ఒకటే, కాంట్రాక్టర్ల పేర్లు నాలుగు, ఇంటి చిరునామా ఒకటి.

ఇక పని జరిగిన చోట. పీసీ (పనిలో శాతం లెక్కన పంచే కమిషన్) ఎవరికి ఎంత పోయిందో మీకు తెలియదు, తెలిసినా రుజువుండదు. సిమెంటు మాత్రం లెక్కకు వస్తుంది. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం సీసీ రోడ్డు అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం20 రకానికి ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాలు, మొత్తం 360 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లే వేస్తే 30 ఘనపు మీటర్లు, 240 బస్తాలు. మిగిలిన 120 బస్తాలు, వాటి ఇసుక, కంకర బిల్లులో మాత్రమే ఉంటాయి. మందం చూడ్డానికి రోడ్డు అంచు తవ్వితే మోసపోతారు. అంచుల దగ్గర చెక్క కట్టి 15 పూర్తిగా పోసి, మధ్యలో మట్టిని ఎత్తుగా వదిలేసి పలుచగా పోస్తారు. రోడ్డు మధ్యలో పగిలిన చోటో, అతుకు దగ్గరో కొలవండి. లేదా కోర్ (యంత్రంతో తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తీసి పరీక్షించమని కలెక్టరుకు అర్జీ పెట్టండి. మీరే గునపంతో తవ్వితే ప్రభుత్వ ఆస్తి పాడు చేశారని మీ మీదే కేసు.

ఒక్కో పనికి అడగాల్సినవి: మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, కాంట్రాక్టు ఒప్పందం, మెజర్‌మెంట్ బుక్కు పేజీలు, చెల్లింపు తేదీలు, వినియోగ ధ్రువపత్రం. ధ్రువపత్రం తేదీ మెజర్‌మెంట్ బుక్కులోని ఆఖరి కొలత తేదీకి ముందు ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు. ఆ పనికి ఎమ్మెల్యే సిఫారసు లేఖ ఉందేమో కూడా అడగండి. లేఖల జాబితా ఒక పక్క, కాంట్రాక్టర్ల జాబితా మరో పక్క పెడితే రెండేళ్లకో మూడేళ్లకో ఒక బొమ్మ తేలుతుంది.

పల్లి సభ తీర్మానాలు

రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా రాజ్యాంగం ఐదో షెడ్యూలులో (ఆదివాసీ ప్రాంతాల జాబితాలో) ఉన్నాయి. అడవి భూమి గనికి పోవాలంటే ఊరి సభ ఒప్పుకోవాలి. ఒడిశాలో ఆ సభ పల్లి సభ, పంచాయతీ మొత్తానికి జరిగే గ్రామ సభ కాదు. పంచాయతీ ఆఫీసులో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తీసుకున్న సంతకాలు పల్లి సభ కింద చెల్లవు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

తీర్మానం నకలు, హాజరు పట్టీ తెచ్చుకుని ఓటర్ల జాబితాతో ఒక్కో పేరూ కొట్టెయ్యండి. చనిపోయినవాళ్లు, ఆ నెలలో పనికి కేరళ, చెన్నై వెళ్లినవాళ్లు సంతకం పెట్టి ఉంటారు. సంతకం చెయ్యగలిగిన మనిషి పేరు పక్కన వేలిముద్ర ఉంటుంది. కొండ మీద రెండు ఊళ్లలో ఒకే రోజు ఒకే గంటకు సభ జరిగిందని, రెండింటికీ ఒకే అధికారి హాజరయ్యాడని రాసి ఉంటుంది. తీర్మానం వాక్యాలు ఊరు పేరు తప్ప మక్కీకి మక్కీగా ఉంటాయి. ఊరివాళ్లకు కుయి భాష తప్ప రాకపోతే, ఒడియాలో రాసింది వాళ్లకు ఎవరు చదివి వినిపించారో ఆ కాగితంలో ఉండాలి. చాలాసార్లు ఉండదు.

కంపెనీ వెనక మనిషి

కాంట్రాక్టు సంస్థ పేరు తెలిశాక కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో డైరెక్టర్ల పేర్లు ఉచితంగా కనిపిస్తాయి. 100 రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలన్నీ చూడొచ్చు. చూడ్డం మొదలుపెట్టినప్పటి నుంచి 3 గంటలే సమయం, కాబట్టి ఏమేం దించుకోవాలో ముందే రాసుకుని కూర్చోండి: వార్షిక రిటర్ను, బ్యాలెన్స్ షీటు, డైరెక్టర్ల మార్పులు. కంపెనీ పుట్టిన తేదీ టెండరు తేదీకి రెండు నెలల ముందు ఉందా, ఎన్నికల ఫలితాల తరువాత డైరెక్టర్లు మారారా చూడండి.

నాయకుడి వైపు ఫారం 26 ఉంది, నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్. తన, భార్య లేదా భర్త, తనపై ఆధారపడినవాళ్ల ఆస్తులు, ప్రభుత్వ కాంట్రాక్టులు అందులో చెప్పాలి. వరుసగా రెండు మూడు ఎన్నికల అఫిడవిట్లు పక్కన పెట్టి భూముల సర్వే నంబర్లు పోల్చండి. దీనికో పెద్ద రంధ్రం ఉంది: బావమరిది, పెళ్లైన కూతురు, అల్లుడు ఆ ఫారంలోకి రారు. డబ్బు కూడా వాళ్ల పేరునే ఉంటుంది. ఆ పేర్ల కోసం డైరెక్టర్ల జాబితాకే తిరిగి వెళ్లాలి. పార్టీలకు ఏ కంపెనీ ఎప్పుడు ఎంత ఇచ్చిందో 2024 మార్చిలో ఎన్నికల సంఘం బయటపెట్టిన ఎన్నికల బాండ్ల జాబితాలో ఉంది. లీజు, అనుమతి తేదీలతో పోల్చుకోవచ్చు.

భూమి సంగతి వేరు. 1956 నాటి ఒడిశా రెండో నిబంధన, 2002 సవరణ తరువాత, షెడ్యూలు ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి పోకూడదు. కాబట్టి నష్టపరిహారం ప్రకటన రాబోతోందని ముందే తెలిసినవాళ్లు తమ డ్రైవరు, పాలేరు లాంటి ఆదివాసీ మనిషి పేరున కొంటారు. కూలికి పోయే మనిషి పేరున పదెకరాలు రిజిస్టరైతే డబ్బు ఎవరిదన్నది ఆలోచించాలి.

రాయగడ, గుణుపురం, జయపురంలో కాంట్రాక్టర్లు, లారీల వాళ్లు, కంకర క్రషర్ల వాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఈ పని పెట్టుకుంటే పెళ్లిళ్లలో పలకరింపులు తగ్గుతాయి.

దరఖాస్తు పెట్టే తీరు

రాష్ట్ర కార్యాలయాలకు సమాచార హక్కు దరఖాస్తు ఫారం-ఎలో, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో, గుర్తింపు పత్రం జతచేసి పెట్టాలి. తెలుగులో రాస్తే తీసుకోరు. చట్టం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాషలకే వీలిచ్చింది, ఇక్కడ అది ఒడియా. మాట్లాడ్డం వచ్చి రాయడం రాకపోతే ఇంగ్లీషులో రాయించండి, జవాబులు మాత్రం ఒడియాలోనే వస్తాయి. నాల్కో, ఐబీఎం, రైల్వే కేంద్రానివి కాబట్టి ఫారం అక్కర్లేదు, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. ప్రైవేటు కంపెనీని నేరుగా అడగలేరు. ఏదైనా చట్టం కింద ప్రభుత్వ శాఖ ఆ కంపెనీ నుంచి తీసుకోగలిగిన సమాచారాన్ని ఆ శాఖను అడగొచ్చు, సెక్షన్ 2(ఎఫ్) చూపించండి.

“ఎందుకు” అని అడగొద్దు. “ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా రిజిస్టరు ధ్రువీకరించిన నకలు” అని అడగండి. ఒక దరఖాస్తులో ఒకే విషయం పెట్టండి. పది ప్రశ్నలు కలిపితే సులువైన రెండింటికి జవాబిచ్చి మిగతావి పక్కన పెడతారు. రాష్ట్ర కార్యాలయం నుంచి జవాబు 30 రోజుల్లో రాకపోయినా, వ్యాపార రహస్యం అని తిప్పికొట్టినా, 30 రోజుల్లోగా మొదటి అప్పీలు 20 రూపాయల స్టాంపుతో, ఆ తరువాత 90 రోజుల్లోగా భువనేశ్వర్‌లోని సమాచార కమిషన్‌కు 25 రూపాయల స్టాంపుతో. కమిషన్ దగ్గర ఏళ్లు పడుతుంది. ఆ లోపల అదే కాగితం నకలు ఉండే మరో ఆఫీసులో అడిగెయ్యడం మేలు. గనుల శాఖ ఇవ్వనిది కాలుష్య మండలిలో దొరికిన సందర్భాలున్నాయి.

ఇసుక, రాయి, మొరం సంగతి తహసీల్దారు దగ్గర, వై-ఫారం అనే రవాణా పాసుల రిజిస్టరులో. నాగావళి, వంశధార ఇసుక సరిహద్దు దాటే చోట్ల ఒకే పాసు మీద రోజుకు మూడు ట్రిప్పులు వేస్తారు. పాసు మీద చెల్లుబాటు గంటలు ఉంటాయి. రీచు నుంచి చేరే ఊరికి పట్టే సమయం కన్నా అవి మరీ ఎక్కువ ఉంటే సందు అక్కడే.

ఒంటరిగా చెయ్యొద్దు. 2000 డిసెంబరు 16న కాశీపూర్ వైపు మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయిన ప్రాంతం ఇది. గనుల్ని ప్రశ్నించినవాళ్ల మీద కేసులు ఇక్కడ కొత్త కాదు. దరఖాస్తులు ముగ్గురు నలుగురు వేర్వేరు ఊళ్ల నుంచి పెట్టాలి. లీజు హద్దు లోపల ఫోటోలు తియ్యకూడదు. కాగితాల నకళ్లు జిల్లా బయట ఒకరి దగ్గర, విశాఖలోనో బరంపురంలోనో, ఉంచాలి.

తేడా తేలాక ఫిర్యాదులో “దోచుకున్నారు” అని రాయొద్దు. పట్టిక గియ్యండి: ఎడమ గడిలో ఒక కాగితం చెప్పిన అంకె, దాని పేజీ నంబరు, కుడి గడిలో రెండో కాగితం చెప్పింది, చివర తేడా, దాని విలువ రూపాయల్లో. ఖనిజ నిధి మీదైతే కలెక్టరుకు, నకలు భువనేశ్వర్‌లోని అకౌంటెంట్ జనరల్‌కు. అధికారి, ప్రజాప్రతినిధి పేరు వస్తే ఒడిశా లోకాయుక్తకు. పర్యావరణ అనుమతి దాటిన తవ్వకమైతే జాతీయ హరిత ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచికి వెళ్లాలి. విషయం మొదలైన నాటి నుంచి 6 నెలల గడువు ఉంటుంది కాబట్టి, సమాచార హక్కు జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ గడువు పోగొట్టుకోకండి. ఉన్న కాగితాలతో ముందు దాఖలు చేసి, మిగతావి తరువాత జత చెయ్యొచ్చు.